సప్తమ విజయాదిత్యుఁడు: వేంగీరాజ్య దాయాదకలహము

మా చీపురుపల్లి పేరు శాసనపరిశోధకులకుఁ గ్రొత్తది కాదు. తూర్పుచాళుక్యవంశమునకు మూలపురుషుఁడైన కుబ్జవిష్ణువర్ధనుని తామ్రశాసన మీ యూరనే దొరకినది. ఆతఁడు తన 18వ రాజ్యవత్సరమున శ్రావణమాసపుఁ జంద్రగ్రహణసమయమందు దిమిలవిషయములోని కల్వకొండ యను గ్రామమును బ్రాహ్మణులకు దానము చేసినట్లు దానియందుఁ గలదు. ఆ గ్రహణము క్రీ.శ. 632వ సంవత్సరము జూలై 7వ తేదినాఁటిదని ఫ్లీటు పండితుఁడు గణించి, దాని నాధారముగాఁ జేసికొని యా వంశమునకంతకును గాలక్రమము నేర్పఱిచెను. వంశాదికర్త శాసన మిట్లు కళింగప్రాంతమున దొరకుట యొక విశేషము. నాలుగువందల యేండ్లకుఁ బైబడి గడచినపిదప నా వంశమువాఁడే యైన మఱియొక రాజు, ముదిమి పైకొన్నవేళ, యీ కళింగాధీశునే శరణు చొచ్చుట మఱియొక విశేషము. ఆతఁడే సప్తమ విజయాదిత్యుఁడు. ఆతని కథనే యిచట విచారింపఁదలఁచితిని.

పాఠశాలలలోని చరిత్రపుస్తకములను జూతుము. అందు విమలాదిత్యుని పిదప రాజరాజనరేంద్రుఁడు 41 యేండ్లు వేంగిని బాలించెననియు, ఆతని కుమారుఁడు రాజేంద్రుఁడు, అనఁగాఁ గులోత్తుంగచోళుఁడు, వేంగిని దన పినతండ్రి యైన విజయాదిత్యున కిచ్చెననియు, ఆతఁడు 15 యేండ్లు పాలించి స్వర్గస్థుఁడయ్యె ననియు నుండును. చదివిన బాలునకు విజయాదిత్యుఁడు పినతండ్రివరుసచేత రాజ్యమును బిచ్చముగాఁ బడసిన యొక సాధుపురుషుఁడని తోఁచును. ఈ వృత్తాంతము కులోత్తుంగుని కుమారుఁడగు వీరచోడుని చెల్లూరు శాసనమునుండి వచ్చినది. శాసన మసత్యము కాదు. కాని యది యెవరు వ్రాయించిన శాసనమో మఱవరాదు.

మూలకథ యిది. విమలాదిత్యుఁడు శక 933 (క్రీ.శ. 1011)లోఁ బట్టాభిషిక్తుఁడై 7 యేండ్లు పాలించెను. ఆతనికి రాజరాజచోళుని కూఁతురు కుందవయందు రాజరాజనరేంద్రుఁడును, వేఱొక దేవియందు విజయాదిత్యుఁడును బుట్టిరి. రాజరాజు చోళుల దౌహిత్రుఁడు. పిదప మేనమామ యగు రాజేంద్రచోళుని కూఁతురు అమ్మంగను బెండ్లియాడి వారి యల్లుఁడును నయ్యెను. తంజావూరి సేన యాతని వెనుక నిలిచినది. విజయాదిత్యునకట్టి చుట్టఱికము లేదు. కావున నాతఁడు చోళులకు బద్ధవైరులైన కల్యాణి చాళుక్యులను, కర్ణాటకులను, నాశ్రయించెను. అన్నదమ్ముల తగవు రెండు మహారాజ్యముల తగవైనది. ఇద్దఱికిని దండ్రి యొక్కఁడే, తల్లులు వేఱు. రాజ్యము మాత్ర మొక్కటియే.

విజయాదిత్యుఁడు చెప్పికొన్న కథ చెల్లూరు శాసనమున లేదు. ఆతని శాసనములయందే యున్నది. విశాఖమండలములోని పాములవాక యందు దొరకిన శాసనమును బట్టి యాతఁడు రాజరాజును వెడలఁగొట్టి శక 952 (క్రీ.శ. 1030-31)లోఁ బట్టము గట్టికొనెను. ర్యాలి శాసనములయందును, ద్వైమాతురుఁడైన యన్న పరోక్షమున బలాత్కారముగా రాజ్యము గైకొంటినని యాతఁడే చెప్పికొనెను. రాజు లెవ్వరైనను దమకు రాజ్యము ధర్మముచేత వచ్చినదనియో, దేవుఁడిచ్చెననియో, ప్రజలు వేఁడిరనియో వ్రాయించుకొందురు. ఈతఁడు బలముచేతఁ దీసికొంటి నని రాగిరేకుపైఁ జెక్కించెను. ఇట్టి నిస్సంకోచము మన శాసనములలో నరుదు.

'పరోక్షము' అనుచోట నొక సందేహము గలదు. తెలుఁగున నీ మాటకు మరణార్థమును గలదు. 'తండ్రి పరోక్షమైన పిదప' అని పెద్దలందురు. ఆ యర్థమున గ్రహించినచో రాజరాజు చనిపోయిన పిదప విజయాదిత్యుఁడు రాజ్యము గొనెనని చెప్పవలసియుండును. కాని పాణినీయమున 'పరోక్షే లిట్' అనుచోఁ బరోక్షమనఁగా నింద్రియములకు గోచరము కానిదని మాత్రమే యర్థము. మరణముతో దానికిఁ బని లేదు. సంస్కృతభాషలో వ్రాసిన శాసనమునకు సంస్కృతార్థమే మొదటఁ జెప్పవలెను. పాములవాక శాసనమునను దోలివేయుటయే చెప్పఁబడినది గాని చచ్చుట చెప్పఁబడలేదు. చచ్చినవానిని దోలివేయుట పొసఁగదు. కాఁబట్టి రాజరాజు రాజధానిలో లేని సమయముఁ జూచి తమ్ముఁడు సింహాసన మాక్రమించెననుటయే సమంజసము.

ఈ యాక్రమణ మెంతకాలము నిలిచెను? చోళసైన్యము వచ్చి రాజరాజును మరల నిలిపినది. అది క్రీ.శ. 1035 ప్రాంతమున జరిగినదని పరిశోధకుల యభిప్రాయము. ఆ యుద్ధముల భీకరత్వమునకుఁ గలిదిండి శాసనము సాక్షి. కర్ణాటసేనతోఁ బోరి మడిసిన మువ్వురు చోళసేనానుల జ్ఞాపకార్థమై రాజరాజనరేంద్రుఁడు మూఁడు శివాలయములు గట్టించి వానికి దానములు చేసెను. ఆ సేనానుల పేళ్లలో ఉత్తమచోడ మిలాడుడయాన్ వంటి యరవపేళ్లుండుటయే యెవరి రక్తముతో రాజరాజు సింహాసనము నిలిచెనో తెలుపుచున్నది. గెలిచిన రాజు గెలుపును బొగడించుకొనక, చచ్చినవారికి గుళ్లు గట్టించుట యాతని మంచితనమునకు గుఱుతుగా నేను దలఁతును.

ఇట్టి రాజునకే నన్నయభట్టు మహాభారతమును దెనిఁగించెను. దాయాదులు రాజ్యమునకై కొట్టుకొనిన కథను, దాయాదితో రాజ్యమునకై పోరుచున్న రాజు వినఁగోరుటలో నాశ్చర్య మేమున్నది? నన్నయ రచన యరణ్యపర్వమధ్యమున నాగిపోవుటకు రాజరాజు పిదపఁ గలిగిన యుపద్రవమే కారణమని కొంద ఱూహించిరి. ఊహ రమ్యమే గాని దానికి సాక్ష్యము లేదు. నన్నయకు రాజాస్థానముతోఁ గల సంబంధమునకు స్థిరమైన సాక్ష్యము నందమపూడి శాసనము. రాజరాజు తన 32వ రాజ్యవత్సరమున (క్రీ.శ. 1053) నారాయణభట్టునకు నందమపూడిని దానము చేయఁగా నా శాసనకావ్యమును రచించినవాఁడు నన్నయయే. అప్పటికిఁ గల్యాణి ప్రాబల్యమును వేంగిలోఁ బెరుగుచునే యుండెను. ఆహవమల్ల సోమేశ్వరుని కుమారుఁడు 'వేంగీపురవరేశ్వర' బిరుదము వహించుట యీ కాలపు మాటయే. సింహాసనమున నున్నవాఁడు చోళుల యల్లుఁడు. బిరుదము మాత్రము కర్ణాటకుని కుమారునిది!

రాజరాజనరేంద్రుని పిదప జరిగిన దేమి? చెల్లూరు శాసనము ప్రకారము రాజేంద్రుఁడు రాజ్యమును బినతండ్రికి నిచ్చెను. కాని శక 983 (క్రీ.శ. 1061)లో వేంగీసింహాసనమునఁ బట్టాభిషిక్తుఁడైనవాఁడు రాజేంద్రుఁడు కాఁడు, విజయాదిత్యుఁడును గాఁడు. ఆతఁడు విజయాదిత్యుని కుమారుఁడు ద్వితీయ శక్తివర్మ. ఆతని పట్టాభిషేకదినమును దెలుపుచు నాతని శాసనమే మనకు దొరకినది. ర్యాలి శాసనముల ప్రకారము విజయాదిత్యుఁడు పుత్రవాత్సల్యముచేత రాజ్యమును శక్తివర్మకు నిచ్చెను. ఒక్క యేఁడు గడవకమునుపే యాతఁడు మరణించెను. అభిమన్యుఁడు చనిపోయినప్పు డర్జునుఁడు పొందినంతటి దుఃఖమును బొంది, పిదప రాజ్యభారమును దానే వహించెను. రాజ్యమును బలాత్కారముగాఁ దీసికొంటినని చెప్పిన నోటితోనే కొడుకు చావును జెప్పినాఁడు. ముప్పదియేండ్లు పోరాడి సాధించిన రాజ్యమును దాననుభవింపక కుమారునకుఁ గట్టఁబెట్టి, వానిని బోఁగొట్టుకొనినాఁడు. చెల్లూరు శాసనమున నా శక్తివర్మ పేరే కనఁబడదు.

ఇప్పుడు లెక్క చూతము. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము శక 944 (క్రీ.శ. 1022)లో జరిగినదని కోరుమెల్లి శాసనమువలనఁ దెలియును. వీరచోడుని పట్టాభిషేకము శక 1000 (క్రీ.శ. 1078)లో. నడుమ 56 యేండ్లు. చెల్లూరు శాసనము రాజరాజునకు 41, విజయాదిత్యునకు 15 ఇచ్చినది. 41యును 15యును 56. ఆ పిదప వీరచోడుని యన్న ముమ్మడిచోడున కిచ్చిన యొక్కయేఁడు మాత్ర మెక్కువగును. శకవర్షముల నతీతములుగానో వర్తమానములుగానో లెక్కించుటలో నంతమాత్రపు తేడా సహింపఁదగినది. చూచితిరా, లెక్క యెంత నున్నగాఁ గుదిరినదో! ఆ నునుపే నాకు సందేహకారణమైనది. 944నుండి 41 యేండ్లనఁగా 985. అనఁగా శక్తివర్మ 983లోఁ బట్టము గట్టికొని, రాజ్యమేలి, చనిపోయిన కాలము కూడ రాజరాజనరేంద్రుని రాజ్యకాలముననే చేర్పఁబడినది. 952లో విజయాదిత్యుఁడు గట్టికొనిన పట్టమును, ఆతఁడేలిన కొలఁది యేండ్లును ఆ 41లోనే మునిఁగినవి. మఱియు విమలాదిత్యుని 7 యేండ్లు 933నుండి 940తో ముగియఁగా, 940నుండి 944వఱకు నాలుగేండ్లు నిరాధారముగా నున్నవి. కొడుకునకుఁ దండ్రి పిదప నాలుగేండ్లు పట్టాభిషేకము జరగకుండుటకుఁ గారణము తమ్ముని ప్రతిఘటనము గాక మఱేమి?

ఇది చోళవంశపు వ్రాయసకాండ్రు క్రొత్తగాఁ గనిపెట్టిన యుపాయము కాదు. చాళుక్యశాసనములలో నంతకుముందే యీ యలవాటు గలదు. రెండవ యమ్మరాజునకు వంశావళులు 25 యేండ్ల పాలన మిచ్చును. కాని యాతని కాలముననే బాడపుఁడను దాయాది కర్ణరాజవల్లభుని తోడ్పాటున నమ్మరాజును వెడలఁగొట్టి రాజ్యమేలినట్లు బాడపుని యారుంబాక శాసనము చెప్పుచున్నది. ఆ బాడపుఁడు వంశావళులలోఁ గానరాఁడు. ఆతని యేండ్లు 25లోఁ గలిసిపోయినవి. మఱి దానార్ణవుని పిదప 27 యేండ్లు వేంగి యనాయకమై యుండెనని యా వంశావళులే చెప్పును. అనాయకమట! దానార్ణవునిఁ జంపి యా 27 యేండ్లును వేంగి నేలినవాఁడు పెదకల్లు తెలుఁగుచోడుఁడు జటాచోడభీముఁడు. కంచివఱకును దన ప్రతాపము చూపినవాఁడు. తమ వంశమువాఁడు కానివాఁడు సింహాసనమున నుండుటకంటె నెవ్వఁడును లేకుండుటయే మేలని యా ప్రశస్తికర్తలు భావించిరి. కావున వంశావళిలోని 'అనాయకము'ను శత్రునాయకమని చదువుకొనవలెను. దీర్ఘమైన పాలనసంఖ్య కనఁబడినచోట దానిలో నెవరు దాఁగియున్నారో వెదకవలెను.

ఇట్టి వ్యవహారము మనకు మాత్రమే చెందినది కాదు. క్రీ.శ. 1259లో మంగోలుల మహాఖాను మోంగ్కే చనిపోయెను. మఱుసటి యేఁట నాతని సోదరులలోఁ గుబ్లాయి చీనాసరిహద్దునందలి కైపింగున మహాఖాను నని ప్రకటించుకొనఁగా, కడగొట్టుతమ్ముఁడు అరిఖ్ బోకే వంశరాజధాని యైన కారకోరమున మఱియొక సభ గూర్చి మహాఖాను నని ప్రకటించుకొనెను. వీరిద్దఱును నేకోదరులు. నాలుగేండ్లు పోరాడి, తిండిగింజలు దొరకక, 1264లో నరిఖ్ బోకే లొంగిపోయెను. కుబ్లాయి సంతతి చీనా నేలినది. కావున చరిత్రలలో నరిఖ్ బోకే తిరుగుబాటుదారుఁడుగానే మిగిలెను. కారకోరమున సభ దీర్చిన పెద్ద లాతనిని న్యాయమైన ఖానుగానే భావించిరి. ఆ కుబ్లాయి కొలువున నుండి వచ్చిన మార్కోపోలోయే మన మోటుపల్లి రేవును వర్ణించెను గనుక, యీ యుపమానము మనకు మఱీ దూరపుది కాదు. విజయాదిత్యునకును అరిఖ్ బోకేకును భేదమొక్కటే: ఓడినవాని శాసనములు మనకు దక్కినవి.

శక్తివర్మ మరణము తరువాత విజయాదిత్యుఁడు వేంగిలో నెట్లు నిలిచెను? ఇచట సాక్షులు మాటకు మాట కలియనీయరు. కులోత్తుంగుని సంతతి చెప్పునది వింటిమి: దిగ్విజయము చేయుకోరికచేతఁ గులోత్తుంగుఁడే పినతండ్రికి రాజ్యమిచ్చెనఁట. వీరరాజేంద్రచోళుని (1063-1070) తమిళశాసనములు వేఱు చెప్పును: విజయవాడయొద్దఁ గర్ణాటసేనల నోడించి, వేంగిని మరల గెలిచి, తన పాదపద్మముల శరణుజొచ్చిన విజయాదిత్యునకుఁ దానే యిచ్చితినని యాతఁడనును. విజయాదిత్యుఁడు తన శాసనములలో నెవ్వరిచ్చిరనియుఁ జెప్పఁడు; తానే వహించితి నని చెప్పును. ఒక్క రాజ్యమునకు దాత లిద్దఱు, గ్రహీత మాత్రము దానమే లేదనుచున్నాఁడు! దానము చేసితిమన్న యిద్దఱును ఆతనిని దొలఁగింపలేక యాతనినే నిలిపి, ఆ నిలుపుటకు దానమని పేరు పెట్టిరని నా తలంపు. అంతవఱకుఁ గల్యాణివారి చేతిలో నుండిన వృద్ధుఁడు చోళుల పాదపద్మములను జేరుట యాతనికిఁ గొఱఁత గాదు. పోరుటకుఁ గొడుకు లేఁడు, కర్ణాటసేన యోడిపోయినది. ఇఁక నాతఁ డెక్కడికిఁ బోవలెను?

పోయినచోటు మా కళింగము. క్రీ.శ. 1070లోఁ గులోత్తుంగుఁడు చోళసింహాసన మెక్కెను. తండ్రి రాజ్యమైన వేంగిని దన కుమారులకుఁ జేర్చుట యిఁక నాతనికి సాధ్యమయ్యెను. ఆ సంవత్సరముననే కళింగమున గంగరాజు రాజరాజదేవేంద్రవర్మ పాలనము మొదలయ్యెను. ఆతని సేనాని వనపతి దీర్ఘాసిశాసనము శక 997 (క్రీ.శ. 1075-76)నాఁటిది. కళింగపట్టణమునకు సమీపమున నున్న దీర్ఘాసిలో దొరకిన యీ తెలుఁగుశాసనమును గిడుగు వేంకటరామమూర్తిగారు 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలవసంపుటమునఁ బ్రకటించిరి. వనపతి చోళులను, వేంగిని, నుత్కలమును గెలిచిన వీరుఁడుగా నందుఁ గీర్తింపఁబడెను. చోళులతోఁ గళింగులు పోరిరనుట కిది సమకాలికసాక్ష్యము.

ఆ పోరెవరి కొఱకు? రాజరాజదేవేంద్రవర్మకుఁ జోళరాజపుత్రి రాజసుందరియందుఁ బుట్టిన యనంతవర్మ చోడగంగుని శక 1040 (క్రీ.శ. 1118) నాఁటి విశాఖపట్టణతామ్రశాసన మీ ప్రశ్నకుఁ బ్రత్యుత్తర మిచ్చుచున్నది. అందలి శ్లోకభావమిది: ముసలితనము పైకొన్న విజయాదిత్యుఁడు, ఆకాశమును వదలు సూర్యునివలె వేంగిని వదలి చోళులనెడి మహాసముద్రమున మునుఁగఁబోవుచుండఁగా, నార్తశరణ్యుఁడైన రాజరాజు పశ్చిమదిక్కున నాతనిఁ జిరకాలము లక్ష్మీసమేతునిగా నుండఁజేసెను. శ్లోకకర్త చమత్కారమును జూడుఁడు. లోకమున సూర్యుఁడు పశ్చిమదిక్కున మునుఁగును. ఈ సూర్యుఁడు పశ్చిమదిక్కుననే వెలుఁగుచున్నాఁడు. ఆదిత్యశబ్దము రాజు పేరనే యుండుటచే నలంకార మప్రయత్నముగా సిద్ధించినది.

ఈ పశ్చిమదిక్కేది యను దానిపై వాదములు గలవు. గంగరాజ్యమునఁ బడమటనున్న యేదో యొక సీమ నాతనికి జీవనార్థమిచ్చిరని కొందఱు. అలంకారమున కవసరమై వచ్చిన మాటకు దేశచిత్రపటమున స్థానము వెదకరాదని మొదట నాకును దోఁచును. కాని యా శాసనముననే చోడగంగునిఁ బొగడుచోట, పూర్వదిక్కునఁ బదచ్యుతుఁడైన యుత్కలపతిని, పశ్చిమదిక్కున క్షీణించుచున్న వేంగీపతిని దిరిగి నిలిపెనని యున్నది. ఒక్క శాసనమున నొక్క కవి ప్రయోగించిన పశ్చిమశబ్దమున కొకచో వేంగియని, వేఱొకచో మఱియొక సీమ యని యర్థము చెప్పుట యుక్తము గాదు. కళింగనగరమున (అది నేఁటి ముఖలింగమని రామమూర్తిగారి నిర్ణయము) నిలిచి చూచువానికి నుత్కలము తూర్పు, వేంగి పడమర. కావున రాజరాజదేవేంద్రవర్మ విజయాదిత్యునకు శరణు మాత్రమే యిచ్చి యూరకుండలేదు. వనపతి సేనతో నాతనిని వేంగిసింహాసనముననే మరల నిలిపెను. వనపతి గెలిచెనన్న వేంగి విజయాదిత్యుని ప్రతిపక్షమువారి వేంగి యని గ్రహించినచో రెండు శాసనములకును విరోధ ముండదు.

అంతతో నా వృద్ధుని కథ ముగిసినది. ఆతనికి సంతతి నిలువలేదు. రాజసుందరి వివాహముచేతఁ జోళులకును గంగులకును సంధి కుదిరెను. వేంగికిఁ గులోత్తుంగుని కొడుకు ముమ్మడిచోడుఁడు వచ్చి, తల్లిదండ్రుల పాదసేవకంటె రాజ్యభోగము సుఖము గాదని యొక్క యేఁడుండి పోయెనని చెల్లూరు శాసన మనును. నలువదియేండ్లకుఁ బైబడి యొక్క రాజ్యమును వదలక పట్టుకొన్న మనుష్యుని వెనువెంటనే, యా రాజ్యము రుచింపదని యేఁటిలోపల వెడలిపోయిన యువకుఁడు వచ్చుట చదువునప్పుడు నవ్వును గలుగును, జాలియుఁ గలుగును. పిదప వీరచోడుఁడు శక 1000లోఁ బట్టము గట్టికొనెను. చెల్లూరు శాసనమును వ్రాయించినవాఁడీతఁడే. పినతాత యైన విజయాదిత్యునకు 15 యేండ్లు లెక్కగట్టి యిచ్చినవాఁడును నీతఁడే.

ఉపాధ్యాయులు బాలుర కిచ్చు పట్టికలో శక 944కును 1000కిని నడుమ మూఁడు పంక్తులు చేర్చుట కష్టము గాదు: 952, విజయాదిత్యుని మొదటి పట్టాభిషేకము, 983, ద్వితీయ శక్తివర్మ పట్టాభిషేకము, ఒక యేఁడు, 997 ప్రాంతము, గంగరాజు తోడ్పాటున విజయాదిత్యుని పునఃప్రతిష్ఠ. రాజరాజనరేంద్రుని 41 యేండ్లను గొట్టివేయ నక్కఱలేదు. ప్రక్కను జెల్లూరు శాసనము ప్రకారమని వ్రాసిన జాలును.